సఖరోవ్ మార్పును క్లాసులో చెప్పడం ఎలా

ఆండ్రీ సఖరోవ్ సోవియట్ భౌతిక శాస్త్రవేత్త. 1953లో పరీక్షించిన సోవియట్ హైడ్రోజన్ బాంబును తయారుచేసినవాళ్లలో ఒకరై, తర్వాత అణు పరీక్షలకు ఎదురుతిరిగి మానవ హక్కుల కోసం నిలబడ్డారు. తిరుపతిలో డిగ్రీ సైన్స్ విద్యార్థులకు ఆయన గురించి చెప్పాలనుకుంటే డిసెంబర్ 10 పెట్టుకోండి. అది మానవ హక్కుల దినం. 1975లో ఆయన నోబెల్ శాంతి బహుమతిని ఓస్లోలో భార్య ఎలేనా బోనర్ అందుకున్నదీ ఆ రోజే. ఆయన్ను సోవియట్ ప్రభుత్వం దేశం దాటనివ్వలేదు. మనకది వానల కాలం, హాల్లోనే జరపండి. పుత్తూరు, శ్రీకాళహస్తి బస్సులు పట్టుకోవాల్సిన పిల్లలుంటారు. రెండింటికి మొదలుపెట్టి నాలుగింటికి వదిలేయండి.

ముప్పై మందిని ఐదుగురేసి ఆరు జట్లు చేసి, జట్టుకో అట్ట ఇవ్వండి: 1953, 1958, 1961, 1968, 1980, 1989. ముందువైపు ఏం జరిగిందో మీరు రాయండి. వెనుకవైపు ‘దీనివల్ల ఆయన ఏం పోగొట్టుకున్నారు?’ అన్న ప్రశ్నకు జవాబు వాళ్లు రాయాలి.

సగం సమయం 1958కే కేటాయించండి, అసలు మలుపు అక్కడుంది. అణు పరీక్షల్లో పుట్టే కార్బన్-14, ఇతర రేడియోధార్మిక పదార్థాల వల్ల కలిగే హానిని ఆయన లెక్కగట్టారు: మెగాటన్నుకు (పది లక్షల టన్నుల టీఎన్‌టీకి సమానమైన పేలుడుకు) సుమారు 10,000 మంది బలి. 1961 అక్టోబర్ 30న పేల్చిన బాంబు 50 మెగాటన్నులు. గుణకారం పిల్లలచేతే చేయించండి, 5 లక్షలొస్తుంది. ఇవి అప్పటికప్పుడు పోయే ప్రాణాలనుకుంటారు, కాదు. కార్బన్-14 అర్ధాయువు, అంటే అది సగానికి తరిగిపోవడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లు. నష్టం తరతరాల మీద పడుతుంది. ఇది సరిదిద్దకపోతే తర్వాతి చర్చంతా దారి తప్పుతుంది.

1961 జట్టు తప్పకుండా తికమకపడుతుంది. పరీక్షలు మళ్లీ మొదలుపెట్టొద్దని జులైలో సోవియట్ అధినేత కృశ్చేవ్‌కు చీటీ రాసిన మనిషే ఆ పెద్ద బాంబు తయారీలోనూ ఉన్నారు. దీన్ని దాచిపెట్టి ఆయన్ను ఒక్కరాత్రిలో మారిన మహాత్ముడిగా చూపిస్తే పిల్లలకు ఏమీ అందదు. మొదట్లో అమెరికాతో సమతూకం కోసం బాంబు అవసరమనే ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు.

1968 అట్ట మీద ఆలోచనా స్వేచ్ఛ కోరుతూ రాసిన వ్యాసం, రహస్య పరిశోధనల నుంచి తొలగింపు రాయండి. 1980లో అఫ్గానిస్థాన్ యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు గోర్కీకి పంపేశారు. మనవాళ్లకు గోర్కీ అంటే రచయితే గుర్తొస్తాడు. ఆయన పేరు పెట్టిన నగరమని, ఇప్పుడది నీజ్నీ నోవ్‌గొరోద్ అని మ్యాపులో చూపించండి. 1989 తేలిక: ప్రజాప్రతినిధిగా ఎన్నిక, కమ్యూనిస్టు పార్టీ ఏకఛత్రాధిపత్యాన్ని తీసేయాలన్న పట్టు, డిసెంబర్ 14న మరణం.

చివరి ఇరవై నిమిషాలకు ఒక్క ప్రశ్న చాలు: 1973లో 40 మంది సోవియట్ సైన్స్ అకాడమీ శాస్త్రవేత్తలు సఖరోవ్‌ను ఖండిస్తూ సంతకాలు చేశారు. ఆ కాగితం మీ ముందుకొస్తే ఏం చేస్తారు? జవాబు పేరు లేకుండా రాయించండి. పేరుంటే అందరూ వీరులే అవుతారు.