మంకీఫ్లవర్లను గుర్తుపట్టడం – మూడో పాఠం: పసుపు పూల గుంపు

కిందటి పాఠంలో మంకీఫ్లవర్ అనే అడవి పూలమొక్కల్లోని రెండు ప్రజాతుల్ని (దగ్గరి జాతుల గుంపుల్ని), డిప్లకస్‌నీ ఎరిత్రాంథినీ వేరు చేయడం చూశాం. పూకాడ రక్షకపత్రావళి (పువ్వు అడుగున ఉండే ఆకుపచ్చ గొట్టం) కన్నా పొట్టిగా ఉంటే సాధారణంగా డిప్లకస్, పొడుగ్గా ఉంటే ఎరిత్రాంథి. ఈసారి ఎరిత్రాంథిలోని పసుపు పూల సంగతి. కాలిఫోర్నియాలోని బే ఏరియా వాగుల దగ్గర నుంచి సియర్రా నెవాడా కొండల పైదాకా, హైకింగ్‌కి వెళ్లిన మనవాళ్లకు తరచుగా ఎదురయ్యేవి ఇవే. ఎక్కువమంది తికమకపడేదీ వీటి దగ్గరే.

ఎందుకంటే అందరం ముందు రేకుల్నే చూస్తాం. ఈ గుంపులో రేకులు నమ్మదగ్గ సాక్ష్యం కాదు. అన్నీ పసుపే. ఎర్రచుక్కలు ఒకే వాగులో ఒక మొక్కకు ఎక్కువ, పక్క మొక్కకు తక్కువ ఉంటాయి. నీళ్లు తగ్గితే పువ్వు సైజు కూడా తగ్గిపోతుంది. కాబట్టి చూపు రేకుల మీద నుంచి కిందికి దించండి. పువ్వు అడుగున ఉండే ఆకుపచ్చ గొట్టం, అంటే రక్షకపత్రావళి, మన అసలు ఆధారం.

కాండం కింది భాగంలో రేకులు రాలిపోయిన పాత పువ్వు ఒకటి వెతకండి. దాన్ని తెంపకుండా పక్కనుంచి చూడండి. ఎరిత్రాంథి గుట్టాటాలో ఆ గొట్టం కాయ పెరిగేకొద్దీ పూరీ పొంగినట్టు ఉబ్బుతుంది. అంచున ఉన్న ఐదు దంతాల్లో పైది పెద్దది. కింది రెండూ పైకి వంగి గొట్టం మూతిని దాదాపు మూసేస్తాయి. ఒక్కసారి దగ్గరగా చూస్తే ఈ ఆకారం ఇక మర్చిపోరు. దంతాలు ఐదూ ఇంచుమించు సమానంగా ఉండి, గొట్టం ఉబ్బకపోతే అది వేరే గుంపు.

ఆ వేరే గుంపులో మీకు తగిలేవి ముఖ్యంగా రెండు, వాటితో పెద్దగా టెన్షన్ లేదు. ఒళ్లంతా మెత్తటి నూగుతో, ముట్టుకుంటే తడితడిగా జిగురుగా ఉంటే ఎరిత్రాంథి మస్కాటా. ఆకులన్నీ నేలబారున గుమిగూడి, సన్నటి పొడుగాటి కాడ మీద ఒకే ఒక్క పువ్వు నిలబడితే ఎరిత్రాంథి ప్రిములాయిడిస్.

కష్టమంతా ఉబ్బే గుంపులోనే. ఇక్కడ గుట్టాటాను నసూటా నుంచి, టిలింగై నుంచి వేరు చేయాలి.

ముందు నసూటా. పువ్వు నోట్లోకి చూడండి. గుట్టాటాలో కింది పెదవి మీద నూగున్న రెండు ఉబ్బులు గొంతును ఇంచుమించు మూసేస్తాయి, తేనెటీగ తోసుకుని లోపలికి పోవాల్సిందే. కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన) రెండు రెక్కలుగా విచ్చుకుని, పరాగకోశాలను (పుప్పొడి సంచుల్ని) దాటి ముందుకు ఉంటుంది. గడ్డిపరకతో దాన్ని మెల్లగా తాకండి, కొన్ని సెకన్లలో రెండు రెక్కలూ మూసుకుంటాయి. పుప్పొడి అందకపోతే కాసేపటికి మళ్లీ తెరుచుకుంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. మీరు మాత్రం ఒక మొక్కలో ఒక పువ్వుతో ఆపేయండి. నసూటాకు తేనెటీగతో పెద్దగా పని లేదు, తన పుప్పొడితోనే కాయ కాస్తుంది. అందుకే దాని కీలాగ్రమూ పరాగకోశాలూ ఒకే ఎత్తులో ఆనుకుని ఉంటాయి. పువ్వు చిన్నది, కింది పెదవి మీద తరచుగా ఒకే పెద్ద ఎర్రమచ్చ ఉంటుంది. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పితే నాలుగు అంచులు తెలుస్తాయి. రక్షకపత్రావళి పై దంతం మరీ పొడుగ్గా ముందుకు పొడుచుకొస్తుంది.

పువ్వు చిన్నది కదా అని వెంటనే నసూటా అని రాసేయకండి. ఆరిపోతున్న నేలలో గుట్టాటా కూడా చిన్న పువ్వే పూస్తుంది. సైజు కన్నా కీలాగ్రం ఉన్న చోటుకు ఎక్కువ విలువ ఇవ్వండి. రెండూ కలిసి పెరిగే చోట సంకరాలు కూడా పుడతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని కేథరిన్ క్రీక్ దగ్గర వీటి మీద చాలా పరిశోధన జరిగింది. లక్షణాలు కలగాపులగంగా కనిపిస్తే నోట్‌బుక్‌లో "తేలలేదు" అని రాయడమే నిజాయితీ.

టిలింగై ఎత్తైన కొండల మొక్క. యోసెమిటీ దాటి టియోగా పాస్, అంటే 9,943 అడుగుల దాకా వెళ్లినప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోండి. సముద్రతీరంలో దీన్ని ఊహించుకోవద్దు. పొట్టిగా చాపలా పరుచుకుంటుంది. కాండానికి పూలు కొన్నే, సాధారణంగా ఐదు దాటవు, కానీ మొక్క సైజుకు మించి పెద్దవి. నేలలో పాకే సన్నటి పసుప్పచ్చ కొమ్ములు (భూగర్భ కాండాలు) దీని మరో గుర్తు. అయినా తవ్వి చూడొద్దు. నేషనల్ పార్కుల్లో మొక్కను పీకడం, పువ్వు కోయడం నేరం.

వసంతంలో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గరి నార్త్ టేబుల్ మౌంటెన్‌కి వెళ్తే ఎరిత్రాంథి గ్లాసెసెన్స్ కోసం తప్పక చూడండి. దాని పై ఆకులు రెండేసి కలిసిపోయి, కాండం చుట్టూ బూడిద పూసినట్టున్న గుండ్రటి పళ్లెంలా ఏర్పడతాయి. దాన్ని పోల్చుకోవడానికి పాఠం అక్కర్లేదు.

పేర్ల గురించి ఒక మాట. పాత పుస్తకాల్లో ఇవన్నీ మిమ్యులస్ ప్రజాతిలో ఉంటాయి. 2012లో వీటిలో చాలా జాతుల్ని ఎరిత్రాంథిలోకి, డిప్లకస్‌లోకి మార్చారు. అదే ఏడాది వృక్షశాస్త్రవేత్త గై నెసమ్ గుట్టాటాను కూడా చాలా జాతులుగా విడగొట్టారు. వృక్షశాస్త్రవేత్తలు అందరూ దానికి ఒప్పుకోలేదు. నేర్చుకునే దశలో మీరు విశాలమైన అర్థంలో గుట్టాటా అనే రాసుకోండి.

ఈ వారం అభ్యాసం: ప్రతి మొక్కకూ మూడు ఫొటోలు తీయండి. పాత పువ్వు రక్షకపత్రావళి పక్కనుంచి ఒకటి, పువ్వు గొంతు ఎదురుగా ఒకటి, కణుపు దగ్గర ఆకులతో కాండం ఒకటి. తర్వాత ఈ రెంటికీ పేరు పెట్టండి. మొదటిది, మేలో ఆరుతున్న రాతి చెమ్మలో పెరిగింది, చిన్న పువ్వు, ఉబ్బిన గొట్టం, కీలాగ్రం మాత్రం పరాగకోశాలను దాటి ఉంది. రెండోది, కొండ మీది పచ్చికలో పెరిగింది, చిన్న మొక్క, ఒక్కటే పువ్వు, ఐదు దంతాలూ సమానం. జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో హమ్మింగ్‌బర్డ్ వాలే ఎర్రటి కార్డినాలిస్‌నీ, బంబుల్‌బీ వాలే గులాబీ రంగు లూయిసైనీ పక్కపక్కన పెట్టి చూద్దాం.