పుట్టిన తేదీ ఒక రోజు వెనక్కి జరగకుండా

వెబ్ ఫారంలో పుట్టిన తేదీ తీసుకుంటున్నారా? దాన్ని జావాస్క్రిప్ట్ డేట్ ఆబ్జెక్టుగా మార్చి సర్వరుకు పంపకండి. ఆ ఆబ్జెక్టులో ఉండేది తేదీ కాదు, కాలంలో ఒక క్షణం. మన గడియారంలో 1990 ఆగస్టు 15 మొదలయ్యే అర్ధరాత్రి, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కలో ఇంకా ఆగస్టు 14 సాయంత్రం 6:30. దాన్ని ఐఎస్‌ఓ రూపంలోకి (ఏడాది-నెల-రోజు, ఆపై యూటీసీ సమయం) మార్చి మొదటి పది అక్షరాలు తీసుకుంటే డేటాబేసులో 14వ తేదీ చేరుతుంది. నా దరఖాస్తు ఒకటి ఇలాగే ఆధార్‌తో సరిపోలక తిరిగొచ్చింది. తప్పు ఎక్కడుందో తెలియక దరఖాస్తుదారు పడే తిప్పలు చిన్నవి కావు.

బ్రౌజరులోని తేదీ పెట్టె తెరమీద 15-08-1990 అని చూపినా, ఫారానికి ఇచ్చే విలువ 1990-08-15 అనే అక్షరాల వరుసే. దాన్ని అలాగే పంపండి. డేటాబేసులో డేట్ రకం కాలమ్‌లోనే దాచండి, టైమ్‌స్టాంప్ (తేదీతో పాటు సమయాన్నీ దాచే రకం) వద్దు.

మరొకటి: పుట్టిన తేదీకి క్యాలెండర్ ఒక్కటే పెట్టకండి. అరవై ఏళ్లావిడ నెల తర్వాత నెల వెనక్కి వెళ్లాలంటే 720 సార్లు నొక్కాలి. రోజు, నెల, సంవత్సరం విడిగా టైపు చేయనివ్వండి. నెలను పేరుతో చూపితే 05/08 మే నెలా, ఆగస్టా అనే సందేహమే రాదు.