నోరు చూసి తెలుసుకుందాం – 3వ పాఠం: తుడిచి చూడటం

పోయిన పాఠంలో టార్చి వెలుగులో నాలుక, బుగ్గల లోపలివైపు, అంగిలి వరుసగా చూడటం నేర్చుకున్నాం. ఇప్పుడు కనబడిన పూత ఏమిటో తేల్చుకోవాలి.

మన అనంతపురం వైపు నోరు పూసిందంటే "వేడి చేసింది" అంటాం. మజ్జిగ తాగించి, బి-కాంప్లెక్స్ మాత్రలు మింగిస్తాం. పూత ఫంగస్ వల్ల వచ్చిందైతే వీటితో పోదు. రోజులు దండగవుతాయి, మనిషి తిండి తినలేక చిక్కిపోతాడు.

చేతులు కడుక్కుని, శుభ్రమైన తడిగుడ్డ వేలికి చుట్టి తెల్లమచ్చను మెల్లగా తుడవండి. విరిగిన పాలలా ఊడొచ్చి కింద ఎర్రగా, పచ్చిగా కనబడితే, ఒక్కోసారి కాస్త రక్తం చెమర్చితే, కాండిడా అనే ఫంగస్‌ను అనుమానించాలి. ఊడకపోతే గీకొద్దు. ఊడని మచ్చ రెండు వారాలు దాటినా అలాగే ఉంటే, ముఖ్యంగా గుట్కా, పొగాకు అలవాటున్నవాళ్లు, పళ్ల డాక్టరుకు చూపించాల్సిందే. అది క్యాన్సర్‌కు ముందుదశ కావచ్చు.

పసిబిడ్డ నాలుక మీది పాలమరక ఇట్టే పోతుంది, కింద ఎరుపుండదు. తెలుపు బుగ్గలకూ పాకి, తల్లి చనుమొనలు మండుతుంటే ఇద్దరినీ కలిపి చూపించండి.

అసలు చిక్కు ఇక్కడుంది: తెలుపు లేకుండా కూడా ఫంగస్ ఉంటుంది. ఒక జేజి (అవ్వ) ఉందనుకోండి. సంగటిలోకి ఊరిబిండి నంజుకుంటే మంట అంటుంది, ఒట్టి మజ్జిగతో సరిపెట్టుకుంటుంది. నోట్లో ఒక్క మచ్చా లేదు. పళ్లసెట్టు తీయించి చూస్తే, అది ఆనినంత మేరా అంగిలి అచ్చుగుద్దినట్టు ఎర్రగా ఉంది. పెదవుల మూలలు చీలాయి. ఇలాంటప్పుడు అడగండి: "జేజీ, రాత్రిళ్లు సెట్టు తీస్తావా? షుగరుందా? ఈమధ్య యాంటీబయాటిక్స్ వాడినావా? ఉబ్బసానికి ఇన్‌హేలర్ పీల్చినాక నోరు పుక్కిలిస్తావా?" స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానేయమని మాత్రం చెప్పొద్దు. పీల్చిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేస్తే ఈ పూత చాలావరకు తప్పుతుంది. సెట్టును రాత్రిళ్లు తీసి, తోమి, నీళ్లలో వేయాలి. మందు డాక్టరు రాయాలి.

ఏ కారణమూ కనబడకుండా పెద్దవాళ్లకు పూత వస్తే షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించడం మంచిది. మింగితే నొప్పి ఉంటే ఆలస్యం చేయొద్దు. షుగరున్న మనిషి అంగిలి నల్లబడితే అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. 2021లో కోవిడ్ తర్వాత చాలామందిని పట్టిన మ్యూకార్మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) అది కావచ్చు. దాని గురించి వచ్చే పాఠంలో.

అంతలోపు అభ్యాసం: మీ ఇంట్లో పళ్లసెట్టున్న పెద్దలెవరైనా ఉంటే, వాళ్లను అడిగి సెట్టు తీయించి, పగటి వెలుతురులో అంగిలి చూడండి. కనబడిన రంగు, ఎంత మేర ఉందో నోటుపుస్తకంలో బొమ్మగీసి పెట్టుకోండి.