కొండ మీద గడ్డి, పూల విత్తనాలు చల్లబోయే ముందు

తొలకరికి సీడ్ బాల్స్ (విత్తనాలు పెట్టిన మట్టి ఉండలు) విసరడానికి, గుట్టల మీద పూలవిత్తనాలు చల్లడానికి బయల్దేరుతున్నవాళ్లు ముందు ఇది చదవండి. తేనెటీగల కోసమని కొన్నేళ్ల కిందట విత్తనాలు చల్లిన ఒక గుట్టను ఈమధ్య చూశాను. వాలంతా వయ్యారిభామే, అదే పార్థీనియం కలుపు మొక్క. గడ్డి కనబడదు, మేకలు అటు పోవడమే మానేశాయి. విత్తనం ఎవరో పంపారట, ఎక్కడిదని ఒక్కరూ అడగలేదట.

పాములు, పిడుగులు, నీళ్ల సీసా సంగతి మీకు తెలిసిందే. కొండను పాడుచేసేది ఎక్కడిదో తెలియని విత్తనం. వయ్యారిభామ 1950ల్లో మన దేశంలో కనబడింది, దిగుమతి గోధుమల్లో కలిసి వచ్చిందని చెబుతారు. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, చుట్టుపక్కల వేరే మొక్క లేవకుండా రసాయనాలు వదులుతుంది. మీ బస్తాలో అవి గుప్పెడు కలిసినా చాలు, తర్వాత ఎన్ని వర్షాకాలాలు పీకినా తరగవు.

ఆన్‌లైన్‌లో రంగురంగుల బొమ్మతో అమ్మే పూల ప్యాకెట్లూ అంతే. వాటిలో కనిపించే కాస్మోస్ మెక్సికోది. సీతాకోక వచ్చి తేనె తాగి పోతే సరిపోదు, దాని గొంగళిపురుగు తినడానికి ఆకు కావాలి కదా, ఆ ఆకు తంగేడులో, జిల్లేడులో ఉంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు. అయినా తుమ్మెద దాన్ని గట్టిగా పట్టుకుని, గుయ్‌మని ఒళ్లు అదిరించి పుప్పొడి రాల్చుకుంటుంది. తుమ్మి, వెంపలి, గిలిగిచ్చ కూడా చల్లండి. వలిసెలు అరకులో ఎంత అందంగా పూసినా ఆఫ్రికా నుంచి వచ్చిన పంట, దాన్ని పొలంలోనే ఉంచండి.

విత్తనం అదే కొండల చుట్టుపక్కల, ఎండిన కాయల నుంచి మీరే ఏరుకోండి. అది కుదరకపోతే కొన్నదాంట్లో గుప్పెడు తీసి ముందే కుండీలో చల్లండి, ఏం మొలుస్తుందో రెండు మూడు వారాలు చూడండి. తెలియని మొక్క ఒక్కటి లేచినా ఆ బస్తా కొండెక్కకూడదు.

ఇక మిగిలినవి:

- రిజర్వు ఫారెస్టులో అటవీశాఖ అనుమతి లేకుండా చల్లకండి.
- గడ్డి కొండ మీద చెట్ల విత్తనాలు విసరకండి. సుబాబుల్ అసలే వద్దు.
- మందు పట్టించిన రంగు విత్తనం వాడకండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు మొక్కంతా పాకి పుప్పొడిలోకి చేరి తేనెటీగలకు హాని చేస్తుంది.
- వాలు మీద దున్నకండి. మట్టి కొట్టుకుపోతుంది, నేలలో గూడు కట్టుకునే ఒంటరి తేనెటీగలూ పోతాయి.
- సన్న గింజలను ఇసుకలో కలిపి పైపైన చల్లండి, లోతుగా పూడ్చకండి.
- నేల బాగా తడిసే దాకా ఆగండి.
- గడ్డి గింజ రాలకముందే కోయకండి. తగలబెట్టకండి.
- బయటి పెంటఎరువు, ట్రాక్టర్ మట్టి పైకి తేకండి. బూట్లు, టైర్లు కిందే కడగండి.
- వయ్యారిభామ కనబడితే పూత రాకముందే పీకండి, చేతికి గ్లౌజులు ఉండాలి, లేకపోతే దద్దుర్లు రావచ్చు.
- మళ్లీ చెబుతున్నాను, ఎక్కడిదో తెలియని విత్తనం చల్లకండి. ఉచితంగా ఇచ్చినా, తెలిసినవాళ్లు ఇచ్చినా వద్దు.