విండోస్ మళ్లీ వేసేటప్పుడు పార్టిషన్ల దగ్గర వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారు చేయడం, బూట్ మెనూ తెరవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. అప్పటినుంచి నా దగ్గరకు వస్తున్న సిస్టమ్‌లలో చాలావరకు ఇంట్లో సొంతంగా విండోస్ 11 వేసుకోబోయి పార్టిషన్ల (డిస్క్‌ను విడగొట్టిన భాగాల) స్క్రీన్ దగ్గర ఆగిపోయినవే. ఆ స్క్రీన్‌లో డిలీట్ నొక్కితే వెనక్కి తీసుకోవడం ఉండదు. పైగా అక్కడ సీ, డీ అనే అక్షరాలు కనపడవు, పార్టిషన్ నంబర్లు, సైజులు, మీరు పెట్టి ఉంటే పేర్లు, అంతే. అందుకే పాత విండోస్ తెరుచుకుంటున్నప్పుడే సీ డ్రైవ్‌కు ఒక పేరు, డీ డ్రైవ్‌కు ఒక పేరు పెట్టి, వాటి సైజులు కాగితం మీద రాసుకోండి. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా కూర్చున్నవాళ్లే రెండూ 237 జీబీ ఉన్నాయి, ఏది తీసేయాలి అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తారు.

సమస్య: "విండోస్ కెనాట్ బి ఇన్‌స్టాల్డ్ టు దిస్ డిస్క్" అంటోంది

కింద ఉన్న వివరం పూర్తిగా చదవండి. డిస్క్ జీపీటీలో ఉందనో, ఎంబీఆర్‌లో ఉందనో రాసి ఉంటుంది (డిస్క్ మీద పార్టిషన్ల పట్టిక రాసుకునే పద్ధతులివి, జీపీటీ కొత్తది, ఎంబీఆర్ పాతది). చాలామంది అది చదవకుండా, ఏదో వీడియోలో చూశామని డిస్క్‌పార్ట్ (కమాండ్లతో పార్టిషన్లు మార్చే టూల్) తెరిచి క్లీన్ కొట్టేస్తారు. క్లీన్ అంటే సీ ఒక్కటే పోవడం కాదు, ఆ డిస్క్ మీదున్న పార్టిషన్లన్నీ పోతాయి.

డిస్క్ జీపీటీ అని చెబుతుంటే డిస్క్‌లో ఏ తప్పూ లేదు, బూట్ చేసిన పద్ధతిలో ఉంది. చాలా సిస్టమ్‌లలో బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటుంది, ఇంకొకటి వట్టి కంపెనీ పేరుతో ఉంటుంది. వట్టి పేరు ఎంచుకుంటే సెటప్ పాత లెగసీ పద్ధతిలో మొదలవుతుంది, అప్పుడు జీపీటీ డిస్క్‌ను ఒప్పుకోదు. రీస్టార్ట్ చేసి యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. డిస్క్‌ను ముట్టుకోవాల్సిన పనే లేదు. ఆ పేరు అసలు కనపడకపోతే పెన్‌డ్రైవ్‌ను జీపీటీ, యూఈఎఫ్ఐ ఎంచుకుని మళ్లీ తయారు చేయండి.

డిస్క్ ఎంబీఆర్ అని చెబుతుంటే మాత్రం దాన్ని నిజంగానే మార్చాలి. పాత విండోస్ 10 ఇంకా తెరుచుకుంటుంటే, 1703 వెర్షన్ నుంచి అందులోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ టూల్ డేటా చెరపకుండా మారుస్తుంది. డిస్క్ మీద ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు. మార్చాక బయోస్‌లో యూఈఎఫ్ఐ పెట్టాలి. డేటా పోదన్నాను కదా అని బ్యాకప్ మానేయకండి.

సమస్య: సెటప్‌లో డిస్కే కనపడటం లేదు

ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. ఎస్ఎస్‌డీ పాడైపోయిందని టెన్షన్ పడకండి. బయోస్‌లో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది, దానికి కావాల్సిన డ్రైవర్ సెటప్‌లో ఉండదు. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు ఇచ్చిన ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, అన్‌జిప్ చేసి అదే పెన్‌డ్రైవ్‌లో వేసి, లోడ్ డ్రైవర్ నొక్కి చూపించండి. వీఎండీని ఆపేసినా డిస్క్ కనపడుతుంది గానీ అప్పుడు పాత విండోస్ తెరుచుకోకపోవచ్చు. లోపల తీసుకోవాల్సిన ఫైళ్లు ఇంకా ఉంటే ఆ దారి వద్దు.

సమస్య: సీ మాత్రమే ఫార్మాట్ చేశాను, ఇప్పుడు డీ డ్రైవ్ తెరవబోతే 48 అంకెల కీ అడుగుతోంది

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి వ్యాపారం చేసే ఒకాయన ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించిందని నా దగ్గరకు తెచ్చారు. "డీలో ట్యాలీ ఉంది తమ్మీ, అది పోవద్దు" అన్నారు. "డీ జోలికి పోను అన్నా, సీ ఒక్కటే తీస్తా" అన్నాను. అన్నట్టే సీ తీసేశాను, కొత్త విండోస్ వేశాను, డీని ముట్టుకోలేదు. విండోస్ తెరుచుకున్నాక చూస్తే డీ మీద పసుపు రంగు తాళం బొమ్మ. లోపల ఏడాది లెక్కలు. బ్యాకప్ లేదు.

జరిగింది ఇది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో, హోమ్ ఎడిషన్ అయినా సరే, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ కాగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డ్రైవ్‌లోని డేటా చదవలేకుండా తాళం వేసే బిట్‌లాకర్ ఏర్పాటు) తనంతట తానే ఆన్ అవుతుంది. సీతోపాటు లోపలున్న డీ కూడా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. రోజూ వాడేటప్పుడు మనకేమీ తెలియదు. సీని తెరిచే కీ సిస్టమ్‌లోనే ఉండే టీపీఎం అనే భద్రతా చిప్ ఇస్తుంది, డీని తెరిచే కీ సీలోని విండోస్ దగ్గర ఉంటుంది. లోపలి గది తాళంచెవి ముందుగది అలమారలో పెట్టుకున్నట్టు. నేను ముందుగదిని కూల్చేశాను. లోపలి గదికి ఒక్క ఇటుక కూడా కదలలేదు, కానీ తాళంచెవి శిథిలాల్లో పోయింది.

విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ఈ ఎన్‌క్రిప్షన్‌కు కావాల్సిన హార్డ్‌వేర్ షరతులు సడలించారు. ఇదివరకు దీని ఊసే లేని సిస్టమ్‌లకూ ఇప్పుడు వస్తోంది. డీలో పెట్టుకుంటే ఫార్మాట్ చేసినా ఏమీ కాదని ఇరవై ఏళ్లుగా అందరం చెప్పుకున్న మాట ఈ సిస్టమ్‌లలో నిజం కాదు.

ఇంకా ఫార్మాట్ చేయకపోతే చాలా తేలిక. దిస్ పీసీ తెరిచి ప్రతి డ్రైవ్ బొమ్మ మీద తాళం ఉందేమో చూడండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనూ పార్టిషన్ కింద బిట్‌లాకర్ ఎన్‌క్రిప్టెడ్ అని కనిపిస్తుంది. ఉంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి (విండోస్ 10లో అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీలోకి) వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. ప్రో ఎడిషన్‌లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లోని బిట్‌లాకర్ దగ్గర ఒక్కో డ్రైవ్‌కు విడిగా ఆఫ్ చేయాలి. నొక్కగానే అయిపోదు, డిస్క్ సైజును బట్టి గంటలు పట్టొచ్చు. ఛార్జర్ పెట్టి వదిలేయండి. డీ మీద తాళం బొమ్మ పూర్తిగా పోయాకే పెన్‌డ్రైవ్ పెట్టండి.

ఇప్పటికే ఫార్మాట్ చేసేసి ఉంటే, మొదట డీని ఫార్మాట్ చేయకండి. విండోస్ అడిగినా వద్దనండి. తర్వాత ఇంకో ఫోన్‌లోనో సిస్టమ్‌లోనో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైస్‌ల కింద బిట్‌లాకర్ రికవరీ కీల పేజీకి వెళ్లండి. అక్కడ ఒకటికంటే ఎక్కువ కీలు ఉండొచ్చు. సీ కీ డీని తెరవదు, ఒక్కో డ్రైవ్‌కు కీ వేరు. డ్రైవ్ అనే వరుసలో ఓఎస్‌వీ అని ఉంటే అది సీది, ఎఫ్‌డీవీ అని ఉంటే డీలాంటి డేటా డ్రైవ్‌ది. తాళం స్క్రీన్ మీద కీ ఐడీ మొదటి 8 అక్షరాలు చూపిస్తుంది, ఈ పేజీలో ఏ ఐడీ దానితో కలుస్తుందో దాని ఎదురుగా ఉన్న 48 అంకెలు కొట్టండి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఆ కీ ఎవరి ఖాతాలోకి వెళ్లిందో చూసుకోవాలి. ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు సైన్ ఇన్ చేసింది ఎవరు? మీరే కావాలని లేదు. కొడుకు కావొచ్చు, కోడలు కావొచ్చు, కొన్న షాపులో కుర్రాడు అప్పటికప్పుడు తెరిచిన ఖాతా కావొచ్చు. మా అడ్తి వ్యాపారి విషయంలో అదే జరిగింది. ఆ ఖాతా పేరు గానీ పాస్‌వర్డ్ గానీ ఎవరికీ గుర్తులేదు. కీ దొరకలేదు. ఏడాది తక్‌పట్టీలన్నీ (అమ్మకం చీటీలు) ముందేసుకుని ఆయన గుమస్తా, నేను కలిసి రోజుల తరబడి మళ్లీ ఎక్కించాం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, దాంతో నాకు ఇంకా బాధ అనిపించింది.

కీ లేకుండా తెరిచే సాఫ్ట్‌వేర్ ఉందని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి. కీ లేకపోతే మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు.

సమస్య: ఖాళీ ఉన్నా సీ పెరగడం లేదు, లేదా డీకి కావాల్సినంత చోటు రావడం లేదు

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ (పార్టిషన్ పెంచేది) వెలగాలంటే ఖాళీ చోటు సీకి కుడిపక్కన ఆనుకుని ఉండాలి. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డం ఉంటుంది. ఎలాగూ విండోస్ కొత్తగా వేస్తున్నారు కాబట్టి సెటప్‌లో సీనీ, దాని పక్కనున్న ఆ చిన్నదాన్నీ కలిపి డిలీట్ చేసి కొత్తగా పార్టిషన్ చేయండి. డీకి చోటు కోసం సీని ష్రింక్ (తగ్గించడం) చేయబోతే కొంచెమే ఇస్తోందంటే హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ ఆపి చూడండి. 256 జీబీ ఎస్ఎస్‌డీని రెండు ముక్కలు చేయడం నాకు నచ్చదు, ఏడాది తిరిగేసరికి సీ నిండిపోతుంది.

రెండు డిస్కులున్న సిస్టమ్ అయితే విండోస్ వేసే డిస్క్ తప్ప రెండోదాని కేబుల్ తీసేయండి. లేదంటే బూట్ ఫైళ్లు పాత హార్డ్ డిస్క్‌లోకి వెళ్లి, తర్వాత దాన్ని తీసిన రోజు విండోస్ లేవదు. ఫార్మాట్ మధ్యలో ఎర్రర్ వస్తే ముందు పెన్‌డ్రైవ్ మార్చి చూడండి, అప్పటికీ వస్తే డిస్క్ మార్చండి.

కొత్త విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ కాగానే ఎన్‌క్రిప్షన్ మళ్లీ మొదలవ్వొచ్చు, అప్పుడు కీలు కొత్తవి వస్తాయి. వారం తర్వాత ఒకసారి డ్రైవ్ బొమ్మలు చూసి, తాళం ఉంటే సీది, డీది రెండు కీలూ కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ బిల్లుతోపాటు బీరువాలో పెట్టుకోండి.