ఆఫ్‌సైడ్ పట్టుకోవాలంటే పాస్ కొట్టేటప్పుడు చూడండి
తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ చూస్తూ ‘అదెట్లా ఆఫ్‌సైడ్ అబ్బా?’ అని బుర్ర గోక్కునేవాళ్లకు ఒక చిట్కా. బంతి అందుకున్న క్షణం కాదు, తోటి ఆటగాడు పాస్ కొట్టిన క్షణం చూడండి. అప్పటికే మనవాడు అవతలి జట్టు సగంలో, బంతికన్నా ముందు, ఆ జట్టులో చివరి నుంచి రెండో మనిషిని కూడా దాటేసి ఉండి, తర్వాత ఆటలో కలగజేసుకుంటే ఆఫ్‌సైడ్ అనే తప్పే. ఆ చివరివాడు మామూలుగా గోల్‌కీపరే కాబట్టి, మీ కన్ను ఆఖరి డిఫెండర్ మీద ఉంటే చాలు. అతనితో సమానంగా ఉంటే తప్పులేదు. త్రో-ఇన్ (పక్క గీత దగ్గర్నుంచి చేత్తో విసిరేది), కార్నర్ (మూల నుంచి కొట్టేది), గోల్‌కిక్ (గోల్ ముందు నుంచి కొట్టేది) నుంచి బంతి నేరుగా వస్తే ఆఫ్‌సైడ్ ఉండదు. అనవసరంగా అరుపులు మొదలయ్యేది ఇక్కడే.