మాజీ రాష్ట్రపతికి ఏమేమి ఇస్తారో లెక్క కట్టడం ఎలా?

రాష్ట్రపతి దిగిపోయిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఓ పట్టిక తిరుగుతుంది. అందులో పెన్షన్ తప్పు, జీవిత భాగస్వామికి వచ్చేది తప్పు, మాజీ ప్రధానికి ఇచ్చేవి కూడా అందులోనే కలిపేస్తారు. గ్రూప్స్ విద్యార్థులకు పాలిటీ చెబుతూ ఈ తప్పులు దిద్దీ దిద్దీ నాకు విసుగొచ్చింది. లెక్క మీరే కట్టుకోండి. అరగంట పని.

కావలసినవి: రాష్ట్రపతి వేతనం, పెన్షన్‌కు సంబంధించిన 1951 చట్టం, సవరణలన్నీ కలిపిన ప్రతి. ఇండియా కోడ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక తెల్లకాగితం, పెన్సిల్. ఎక్సెల్ వద్దు. ఎక్సెల్‌లో అంకె మాత్రమే మిగులుతుంది, అది ఎక్కడిదో ఎవరూ రాసుకోరు. కాగితం మీద ప్రతి అంకె పక్కనా సెక్షన్ నంబరు ఉండాల్సిందే.

1. మనిషిని తేల్చుకోండి. మన దేశాధినేత రాష్ట్రపతి, ప్రధాని కాదు. మాజీ ప్రధానికీ మాజీ ముఖ్యమంత్రికీ ఈ చట్టంతో పనిలేదు. ఉత్తరప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రుల బంగళాలపై 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఇక్కడికి లాక్కురావద్దు.

2. పదవి ఎలా వదిలారో చూడండి. పదవీకాలం ముగిసినవారికీ, రాజీనామా చేసినవారికీ పెన్షన్ అని చట్టం చెబుతుంది. అభిశంసనతో తొలగించినవారి ఊసు అందులో లేదు.

3. మూల అంకె, అంటే రాష్ట్రపతి నెల వేతనం, పట్టుకోండి. పెన్షన్ అందులో సగం. పదిమందిలో తొమ్మిదిమంది బోల్తా పడేది ఇక్కడే, తొందరపడకండి.

రాజ్యాంగం రెండో షెడ్యూల్ తెరవండి. రాష్ట్రపతికి నెలకు 10,000 రూపాయలు అని ఇప్పటికీ అచ్చులో కనిపిస్తుంది. ఆ గీత కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఓ ఫుట్‌నోట్ ఉంటుంది. పిల్లలు అది చదవరు, పదివేలే రాసుకుంటారు. ఆ అంకెను పార్లమెంటు ఎప్పుడో దాటేసింది. 1998లో 50,000 చేసింది, 2008లో లక్షా యాభై వేలు, 2018లో 5 లక్షలు.

ఈ చివరి సవరణ కోసం 2018లో రాష్ట్రపతి పేరుతో వచ్చిన చట్టాన్ని వెతికితే దొరకదు. అది బడ్జెట్‌తో పాటు వచ్చిన ఫైనాన్స్ యాక్ట్‌లో ఉంది. ఏడో వేతన సంఘం తర్వాత, కేంద్రంలో అత్యున్నత అధికారి అయిన కేబినెట్ సెక్రటరీ జీతం రెండున్నర లక్షలకు చేరి, రాష్ట్రపతి వేతనాన్ని మించిపోయింది. దాన్ని సరిచేస్తూ, 2016 జనవరి 1 నుంచి వర్తించేలా పెంచారు. నా విద్యార్థి తెచ్చిన ఓ గైడులో పెన్షన్ 75,000 అని ఉంది. లక్షన్నరలో సగం! 2008 దగ్గరే ఆగిపోయారన్నమాట.

ఇంకో జాగ్రత్త. ఉద్యోగుల పెన్షన్ అలవాటుతో చాలామంది 'చివరిగా తీసుకున్న జీతంలో సగం' అని వేస్తారు. చట్టం అలా అనలేదు. 'రాష్ట్రపతి వేతనంలో 50 శాతం' అంది. ప్రతిభా పాటిల్ 2012లో దిగేనాటికి వేతనం లక్షన్నరే. అయినా ఆమె పెన్షన్ లెక్కకు 5 లక్షలే మూలం. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా నోటిలెక్కే.

4. సగం చేయండి: నెలకు రెండున్నర లక్షలు. మాజీ రాష్ట్రపతి మరణిస్తే జీవిత భాగస్వామికి అందులో సగం, అంటే లక్షా పాతికవేలు, జీవితాంతం. మళ్లీ రాష్ట్రపతిగా ఎన్నికైతే ఆ కాలానికి పెన్షన్ ఉండదు.

5. సౌకర్యాలు విడిగా రాయండి. అద్దెలేని, సామాన్లతో అమర్చిన ఇల్లు, ఫోన్లు, కారు లేదా కారు అలవెన్సు, ప్రైవేట్ సెక్రటరీతో సహా సిబ్బంది, ఉచిత వైద్యం. దేశంలో ఎక్కడికైనా వెంట ఒకరితో విమానం, రైలు, స్టీమర్లలో అత్యున్నత తరగతి ప్రయాణం. వీటికి రూపాయల విలువ కట్టి పెన్షన్‌లో కలపొద్దు. ఢిల్లీలో కలాం, ఆ తర్వాత ప్రణబ్ ముఖర్జీ ఉన్న 10, రాజాజీ మార్గ్ ఇంటికి నెలకు ఇంత అద్దె అని ఊహించి కలిపితే అది లెక్క అనిపించుకోదు. భద్రత ఖర్చు కూడా ఇందులో వేయకండి. దాన్ని కేంద్ర హోంశాఖ ముప్పును బట్టి విడిగా నిర్ణయిస్తుంది.